కుడిపక్క సీటు

2023, వానలు పట్టిన కాలం. చందాపుర జంక్షన్ నుంచి కొంచెం లోపలికొస్తే నా షెడ్డు. పాత పెట్రోలు బండ్లయితే నా దగ్గరికే తోలుకొస్తారు, కార్బురేటర్ విప్పి కూర్చబెట్టేవాళ్ళు ఇప్పుడు తక్కువైపోయినారు. కార్బురేటర్ అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకు పంపేది. కంప్యూటరు తగిలించి చూసే పని కాదది, చెవి పెట్టి వినాల.

ఆ పొద్దు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి మూర్తి సారు వచ్చె. డెబ్బై దాటిన మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాడు. ఆయన బండిని చూసి నా పనివాళ్ళంతా స్పానర్లు కింద పెట్టేసిరి. అమెరికా మజిల్ కారు: రెండే తలుపులు, పొడుగు బానెట్, లోపల వి-ఎయిట్, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టీరింగు వాళ్ళ దేశం మాదిరి ఎడమపక్క. ఊరు విడిచిపోతా ఉన్న ఒక తెల్లాయన దగ్గర, పెండ్లయిన కొత్తలో కొన్నాడంట. అదే ఆయన మొదటి కారు.

"పికప్ లేదప్పా రెడ్డెప్పా," అన్నాడు. పికప్ అంటే కాలు అదిమితే బండి ముందుకు దూకే ఊపు. "చానా చోట్ల చూపిస్తి. కుందలహళ్ళిలో ఒకాయన తన హోటలు ముందర బొమ్మ మాదిరి నిలబెడతా, ఇచ్చెయ్యమంటా ఉండాడు. నీ చేతా కాదంటే ఇచ్చేస్తా."

"తిరిగే బండిని బొమ్మ చేస్తారా సార్? సుమ్నే, ఊరికే వదిలి పోండి, నేను చూస్తా," అంటి.

కార్బురేటర్ కడిగితి, ప్లగ్గులు మారిస్తి, టైమింగ్ చూస్తి. తెల్లారి ఖాళీ రోడ్డు మీద నేనొక్కడినే ట్రయల్ పోతే, అబ్బబ్బా, ఏం లాగిందనుకున్నారు! వీపు సీటుకు అతుక్కుపోయె. సంబరంగా ఫోన్ చేస్తి. సారు వచ్చి తోలుకుపోయి, సాయంత్రానికే తిరిగొచ్చె. "అదే కథప్పా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పదండి సార్, మీరే తోలండి, నేను పక్కన కూర్చుంటా," అంటి.

తళి రోడ్డుకు పోతిమి. ఇరుకు రోడ్డు, రావడం పోవడం అంతా దాని మీదనే. ముందర ఇటుకల లారీ. సారు దాని వెనకాల నత్త మాదిరి పోతా ఉండాడు. కాలు యాక్సిలరేటర్ మీద ఆననే లేదు.

"ఓవర్‌టేక్ చెయ్యండి సార్."

"ఎట్ల చేసేదప్పా? ఈ పక్క నుంచి నాకు లారీ వెనక తలుపు తప్ప ఏమీ కనపడదు." నేను కూర్చున్న సీటు దిక్కు చూసి, "యశోద చెప్పల్ల," అన్నాడు.

యశోదమ్మ ఆయన భార్య. చనిపోయి రెండేండ్లయింది. స్టీరింగు ఎడమపక్క ఉండే బండిలో, ఎదురు రోడ్డు కనపడేది కుడిపక్క కూర్చున్నోళ్ళకే. ఆయమ్మ తొంగి చూసి "ఊ" అంటే ఈయన కాలు అదిమేవాడంట. ఇంకో మాట అక్కర్లేదంట. బండిలో ఏ రోగమూ లేదని నాకప్పుడు అర్థమాయె.

నేను తొంగి చూసి "ఊ" అంటి. సారు ఊపిరి బిగబట్టి కాలు అదిమినాడు. బండి ఒక్క దూకులో లారీని దాటేసింది. ఆయన నవ్వలేదు. కొంచెం దూరం పోయి పక్కకు ఆపేసినాడు.

"గొంతు వేరే కదప్పా," అన్నాడు. చానా బేజారైంది నాకు.

ఆయన స్టీరింగు వదిలేసి కూర్చుంటే, తిరిగొచ్చేటప్పుడు నేను తోలతానంటి. సారు కుడిపక్కకొచ్చి కూర్చున్నాడు. ఇన్నేండ్లలో ఆ సీట్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. ముందర ఒక ట్రాక్టరు. ఆయనకు రోడ్డు కనపడల్లని బండిని కొంచెం కుడికి తీస్తి. ఎదురుగా బస్సు!

"వద్దు, వద్దు!" అని కేకేసి డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. నేను మళ్ళీ ఎడమకు తీసుకుంటి. బస్సు ఆయన భుజం రాసుకున్నట్టే పోయింది. నాకది మామూలే. సారు ముఖంలో రక్తం లేదు.

"ఇంత దగ్గరకొస్తాయా రెడ్డెప్పా?"

"ఆ సీటుకు అట్లే సార్. వచ్చేదంతా ముందు వాళ్ళ మీదికే."

"జీవితమంతా ఇక్కడే కూర్చునింది. భయమని ఒక్కసారన్నా చెప్పలేదే! నేనేమో కూనిరాగాలు తీసుకుంటా తోల్తా ఉంటి."

షెడ్డు చేరేదాకా కిటికీ పక్కకు తిరిగి ఏడుస్తానే ఉన్నాడు. నేను ఇంక ఏ బండినీ దాటకుండా తోలితి.

కుందలహళ్ళి ఆయనకు బండి ఇయ్యలేదు. అప్పుడప్పుడు ఆదివారం సారు ఫోన్ చేస్తాడు, నేను పోయి తోలతా, ఆయన కుడిపక్కనే కూర్చుంటాడు. ఎదురుగా ఏ లారీ మీదికొచ్చినా ఇప్పుడు కేకెయ్యడు, పక్కకు జరగడు. కండ్లు తెరుచుకోని చూస్తానే ఉంటాడు.

ఇన్నేండ్ల పనిలో ఇది నేర్చుకుంటి. పికప్ లేదని ఎవరొచ్చినా సరే, బానెట్ ఎత్తే ముందు వాళ్ళ చేతనే తోలిస్తా. నేను పక్కన కూర్చోని, "ముందు ఈడ ఎవరు కూర్చుంటా ఉండిరి?" అని అడుగుతా. కొందరు నవ్వుతారు. కొందరు గేరు మారుస్తారు.