జేబులో ఫ్యూజులు

మా వీడియో గేమ్‌లో మెయిన్ స్విచ్ దించగానే తెర మూలన పచ్చ దీపం వెలిగేది. ఇక వైరు పట్టుకోవచ్చని దానర్థం. ఎలక్ట్రీషియన్‌గా ఇళ్లకూ పొలాలకూ వెళ్లి రిపేర్లు చేసే ఆట అది. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ తయారుచేస్తోంది. తోటపల్లి గూడూరు దగ్గర మా ఇంట్లో కూర్చుని, అందులోని మనుషులకు మాటలు రాయడం నా ఉద్యోగం. ఎదురుగా ఉన్న మనిషితో నాలుగు మాటలు మాట్లాడలేను కానీ, లేని మనుషులకు పేజీలకొద్దీ రాస్తాను.

ఆడి చూసినవాళ్లు, "అంతా బాగుంది, నిజంలా మాత్రం లేదు" అన్నారు. ఎవరైనా అసలు ఎలక్ట్రీషియన్ వెంట ఒకరోజు తిరిగి రమ్మని మా టీమ్ లీడ్ అక్క మీటింగులో అడిగింది. నా కెమెరా ఎప్పటిలాగే ఆపి ఉంది. "నాకు ఒకాయన తెలుసు" అని టైపు చేశాను.

ఆయన మా వీధి చివర ఉంటారు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటినుంచీ చిన్నాయనా అనే పిలుస్తాను. చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో ఏ మోటారు ఆగినా ఆయనకే ఫోను వస్తుంది. సంగతి చెబితే నవ్వారు.

"కరెంటు పనితో ఆటలా? షాకు కొడితే ఏం చేస్తారు పాపా?"

"మళ్లీ మొదటినుంచి ఆడతారు."

"బాగుండాదే! నాకూ అట్టాంటిది ఒకటి ఇప్పియ్యి."

శనివారం పొద్దున ఆయన బండి వెనక కూర్చుని ఒక గుంట దగ్గరికి వెళ్లాను. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లలో ఒకటి తిరగడం లేదు. దానికి వెళ్లే కేబులు గట్టు మీద ఎలుకలు కొరికేశాయి. చిన్నాయన షెడ్డులోని బోర్డు ముందు నిలబడి, ముందు కరెంటు ఉన్నచోట టెస్టరు పెట్టి చూశారు. మెయిన్ స్విచ్ హేండిల్ దించి, వైర్ల దగ్గర చూశారు. మళ్లీ ఇంకో లైనులో, కరెంటు ఉన్నచోట పెట్టారు.

"మళ్లీ ఎందుకు?" అన్నాను.

"మధ్యలో టెస్టరే చచ్చిపొయ్యుంటే?"

అది నాకెంత నచ్చిందంటే, తలొంచుకుని అరపేజీ రాశాను. తలెత్తేసరికి ఆయన బయటికి నడుస్తున్నారు. ప్యాంటు జేబులో ఏదో టకటకమంది. తాళాలనుకున్నాను.

"ఈడే నిలబడు. ఎవురన్నా హేండిల్ ముట్టుకోబోతే వద్దని చెప్పు, అంతే" అన్నారు.

అంతే. గట్టు మీద, నాకు కనిపించేంత దూరంలో, ఆయన కూర్చుని కేబులు చివరలు ఒలుస్తున్నారు. ఉత్త చేతులు. గుంటలో ఏరేటర్ల చక్రాలన్నీ ఆగిపోయాయి. చక్రాలు ఎక్కువసేపు ఆగితే రొయ్యలు గాలాడక పైకి తేలతాయని అందరికీ భయం. గుంట యజమాని దూరం నుంచే చూసినట్టున్నాడు, బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురాపినారు? రొయ్య చచ్చిపోదా?"

చెప్పాలి. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. మాట బయటికి రాలేదు. అతను నన్ను దాటుకుని చెయ్యి చాపి హేండిల్ పైకెత్తేశాడు. నేను గట్టు వైపు చూశాను. చిన్నాయన చేతుల్లో వైర్లు అలాగే ఉన్నాయి.

ఏమీ కాలేదు. ఒక్క చక్రం కూడా కదల్లేదు. యజమాని బోర్డులోకి వంగి చూసి గట్టిగా అరిచాడు.

"ఫ్యూజులు యాడబ్బయా?"

"నా జేబులో ఉండాయన్నా!" అని గట్టు మీదినుంచి జవాబు. "పదినిమిషాలు ఓర్చుకో. నీ రొయ్యలకన్నా నా పాణం లేతగా ఉండాది."

యజమాని కూడా నవ్వేశాడు. నేను నోట్‌బుక్కు గుండెకు అదుముకుని గోడకు ఆనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద, ఆయన మొహం కనిపించదు కాబట్టి, చెప్పగలిగాను.

"నేను చెప్పలేకపొయ్యినా చిన్నాయనా."

"తెలుసులేమ్మా."

"మరి నన్నెందుకు నిలబెట్టినారు?"

"నువ్వుంటే మంచిదని నిలబెట్టినా. నువ్వొక్కదానివుంటే చాలని గాదు. మీ చిన్నమ్మను నిలబెట్టినా ఫ్యూజులు నా జేబులోనే. నేనేడన్నా మరిచిపోతే నువ్వు, నువ్వు మరిచిపోతే జేబు."

ఇంటి ముందు దించి, "మళ్లీ శనివారం వస్తావా?" అని మాత్రం అడిగారు. ఆ అడగడం నాకెంత మేలు చేసిందో ఆయనకు తెలియదు. ఆ రోజు డైరీలో టెస్టరు గురించి కాక ఆ ప్రశ్న గురించే రాసుకున్నాను.

సోమవారం మీటింగులో నా రిపోర్టు చదివారు. ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోవడం అందరికీ నచ్చింది. బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెడదామన్నారు. "ఎవరైనా వస్తే ఆ మనిషి అరుస్తుంది, ఆడేవాళ్లకు హెచ్చరిక" అన్నాడు డిజైన్ చేసే అన్న. అందరూ సరేనన్నారు. అరుస్తుందని నమ్మితే ఆడేవాళ్లు ఫ్యూజులు తియ్యరు. పచ్చ దీపం పోయి దాని స్థానంలో నేను వెలుగుతానన్నమాట. ఆ భరోసా అబద్ధమని ఆ మీటింగులో నాకొక్కదానికే తెలుసు.

మైకు ఆన్ చేశాను.

"ఒక్కోసారి అరవదు" అన్నాను. "భయపడుతుంది. నేను అరవలేదు."

లీడ్ అక్క, "మొత్తం చెప్పు, వింటున్నాం" అంది. చెప్పాను. మాట తడబడినచోట ఎవరూ తొందరపెట్టలేదు. పచ్చ దీపం ఆ వారమే తీసేశారు.

కొత్త ఆట తయారయ్యాక చిన్నాయన మా అరుగు మీద కూర్చుని ఆడారు. బోర్డు పక్కన నోట్‌బుక్కు పట్టుకున్న అమ్మాయిని చూసి, "ఈ పాప చెప్తదా, చెప్పదా?" అని అడిగారు.

"తెలీదు చిన్నాయనా. ఎవరికీ తెలీదు."

ఆయన తలూపి, ముందు మూడు ఫ్యూజులూ పీకేశారు.

ఆ తర్వాతి శనివారం ఇంకో గుంట. నేను బోర్డు దగ్గర. కాపలా ఉండే అక్క వచ్చి హేండిల్ వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోబాక అక్కా! లైన్లో మనిషి ఉండాడు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. గట్టు మీదినుంచి చిన్నాయన తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు. ఆయన జేబు ఎప్పటిలాగే ఉబ్బుగా ఉంది.