రెండు వైపులా ముఖమున్న ఇంజను

భద్రాచలం పోయే బస్సులూ కార్లూ తన హోటల్ దగ్గర ఆగాలని మా అన్న దాని ముందున్న తోటలో చిన్న సిమెంటు గుడి కట్టించి, దాని చుట్టూ బొమ్మ రైలు పెట్టించాడు. బొమ్మంటే అరచేతిలో పట్టేది కాదు, ఇంజను ఒక్కటే నా చెయ్యంత పొడవుండేది. టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మాదొక్కటే హోటల్. పిల్లలు రైలు చూసి మారాం చేస్తే పెద్దవాళ్లు ఆగి టిఫిను తింటారని ఆయన ఆలోచన. ఆలోచన బాగానే ఉంది, రైలే నడవదు.

నడిపించాల్సింది ఆయన చెల్లెల్నైన నేను. నాన్న పోయాక నన్ను ఖమ్మంలో పాలిటెక్నిక్ చదివించింది అన్నే. ఎలక్ట్రికల్ పూర్తి చేసి ఇంటికొస్తే, రెండు నెలలు రైలు చూసుకోమన్నాడు. రెండేళ్లయింది. పొద్దున పదింటి నుంచి పొద్దుగూకేదాకా మలుపు దగ్గర ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని, బండి పడ్డప్పుడల్లా ఎత్తి పట్టాల మీద పెట్టడం నా పని. ఇల్లందు బొగ్గు లారీల దుమ్ము పట్టాల మీద పేరుకుని, కరెంటు అందక ఇంజను ఆగేది. మళ్లీ గుడ్డ పెట్టి తుడువు. మంచినీళ్లు తాగడానికి లోపలికి పోతే చాలు, వెనకే అన్న కేక. నా ఖర్మ కాకపోతే డిప్లొమా చేసింది దీనికా? ఆ స్టూల్‌ని చూస్తేనే ఏడుపొచ్చేది.

ఆ వేసవిలో నేను చదివిన కాలేజీలోనే ల్యాబ్ ఉద్యోగానికి రమ్మని ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా చేరాలి. అన్న ఉత్తరం చదివాడు, కోప్పడలేదు.

"పో, నేనెందుకొద్దంట? ఏడు రోజులు నువ్ చెయ్యి పెట్టకుంట బండి తిరిగితే పో. కొత్తది కావాల్నంటే తెద్దాం, నువ్వే ఎంచు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే పాత బండి చక్రాలు విప్పి చూశాను. ఎడమ చక్రాల అంచులు అరిగి బ్లేడులా ఉన్నాయి, కుడివి కొత్తవాటిలా ఉన్నాయి. అప్పుడు వెలిగింది. బండి గుడి చుట్టూ ప్రదక్షిణంగానే తిరగాలి, ఎదురు తిరిగితే అపచారమని అన్న పట్టు. రెండేళ్లుగా ఒకే వైపు మలుపు తిరిగి తిరిగి, ఒరిపిడంతా బయటివైపున్న ఎడమ చక్రాల మీదే పడింది, అందుకే బండి పట్టా దిగుతోంది. ఎదురు నడపనివ్వడు, సరే. బండినే ఎత్తి, వెనక కొస ముందుకొచ్చేలా పెడితే? ఎడమ చక్రాలు కుడికి వస్తాయి, ప్రదక్షిణమూ చెడదు.

సికింద్రాబాద్‌లో ఇలాంటి రైళ్లు తెప్పించి ఇచ్చే దుకాణానికి ఇద్దరం పోయాం. పొగ వదిలే, కూత పెట్టే ఇంజను ముందు నిలబడి అన్న కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. దాన్ని తిప్పి పెడితే వెనక్కి నడుస్తున్నట్టుంటుంది, జనం నవ్వుతారని చెప్పాను. నేను ఎంచింది పెద్ద రైళ్లను లాగే కరెంటు ఇంజను నమూనా. రెండు కొసలా ముఖాలే, ఎటు పెట్టినా ముందుకే పోతున్నట్టుంటుంది. చక్రాలు ఉక్కువి. బ్యాటరీ దాని కడుపులోనే ఉంది కాబట్టి పట్టాల మీద దుమ్ము పడితే పడనీ. గేర్లు విడిగా దొరుకుతాయా అని మూడుసార్లు అడిగాను. మీరు రైల్వేలో చేస్తారా అన్నాడు దుకాణదారు. రైల్వే నుంచి బయటపడాలని చూస్తున్నానన్నాను. అన్న కూడా నవ్వాడు.

తోట ఊడ్చే అక్కకు పని నేర్పాను. సాయంత్రం బ్యాటరీ ఛార్జింగు పెట్టాలి, సోమవారం సోమవారం ఇంజనునూ పెట్టెలనూ తిప్పి పెట్టి, బండి మళ్లీ ప్రదక్షిణంగానే పోయేలా ఇంజను మీది మీట రెండో వైపుకు నొక్కాలి, అంతే. ఒక్కసారి చూపిస్తే పట్టేసింది. సోమవారం కొత్త బండి వదిలి, స్టూల్ తీసుకెళ్లి వంటింట్లో పడేశాను. వారమంతా కిటికీలోంచి చూడడమే తప్ప తోటలోకి అడుగు పెట్టలేదు. గాలివాన వచ్చింది, ఎండుటాకులు రాలాయి. కోతి ఒకటి చివరి పెట్టెను ఎత్తి పారేస్తే అక్కే సర్దింది. బండి మాత్రం మొరాయించలేదు. నా జన్మలో అంత సంబరపడలేదు. బట్టలు సర్దుకున్నాను.

మళ్లీ సోమవారం పొద్దున బ్యాగుతో బయటికొచ్చేసరికి, అక్క తిప్పి పెట్టడానికి ఇంజనును ఎత్తబోతోంది. అన్న ఆపాడు.

"నువ్ ముట్టకు అక్కా. మా చెల్లె ఉన్నది గదా."

"ఏడు రోజులు నేను చెయ్యి పెట్టలేదన్నా" అన్నాను.

"అవ్, పెట్టలే. నువ్ ఎంచినవ్ గాబట్టే గిట్ల తిరుగుతుంది. గింత తెలివైనదాన్ని ఎట్ల పంపుత చెప్పు?"

ఎంత ప్రేమగా అన్నాడో! తిట్టి ఉంటే ఆ క్షణమే బస్సెక్కేదాన్ని. మెచ్చుకునే మనిషిని తోసుకుని ఎలా పోవాలో నాకు తెలియలేదు. బ్యాగు కింద పెట్టాను.

నెలాఖరు దాటాక కాలేజీలో ఇంకెవరినో తీసుకున్నారు. ఆ బండి ఆరేళ్లు ఎక్కడా పడకుండా తిరిగింది. సోమవారం సోమవారం దాన్ని తిప్పి పెట్టింది నేనే.