ఆమెను అడగని మాట

పెళ్లయిన ఇరవై ఆరో రోజున నేను దుబాయ్‌లోని జెబెల్ అలీకి తిరిగెళ్లాను. అది 2020 ఫిబ్రవరి. మరుసటి నెలలో కరోనాతో విమానాలు ఆగిపోయాయి. రెండేళ్లకు సెలవు దొరికినా, ఉండిపోతే గోడౌన్లో ఫోర్‌మన్ని చేస్తానని మా ముదీర్, అంటే మేనేజరు, ఆశపెట్టాడు. ఇంటికి ఫోన్ చేసి ఈసారి రాలేనన్నాను. "సరేనండి" అంది నా భార్య. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాను.

ఓ శుక్రవారం జుమా నమాజు ముగించుకుని గదిలో భోంచేస్తున్నాం. మదర్సాలో చదువుకున్న కరీంనగర్ పెద్దాయన ఒకరు నా పక్క మంచం. ఇంటికి పోక ఎన్నాళ్లయిందని అడిగారు. మూడేళ్లు నిండొస్తున్నాయన్నాను.

"నాలుగు నెలలు, బేటా. కొందరు ఆరంటరు. అంతకంటె దూరముండాల్నంటే బీవీ రాజీ కావాలె. లేకుంటే ఆమె ఖాజీ కాడికి పోయి నికాహ్ రద్దు చెయ్యమని అడగొచ్చు."

"దుబాయ్‌లో ఉన్నోళ్లకి కూడానా, చాచా?"

"దుబాయోళ్లకు వేరే నికాహ్ ఉంటదా?"

ఇన్నాళ్లూ ఉపవాసాలుండి, చూపు దించుకుని, తప్పుదారి తొక్కలేదని లోలోపల గర్వపడేవాణ్ణి. ఆ నిగ్రహాన్నే ఇరవై రెండేళ్ల పిల్ల మీద కూడా రుద్దానని ఎన్నడూ తోచలేదు.

సాయంత్రం ఫోన్ చేశాను.

"నేనిక్కడుండడం నీకు ఇష్టమేనా?"



"నన్నెప్పుడడిగేరండీ?" అంది. తర్వాత మెల్లగా, "పోయినేడు ఖాజీ గారి దగ్గరికెళ్లేను. నాకు హక్కుందన్నారు. అర్జీ కూడా రాయించేను."

"మరి ఇవ్వలేదేం?"

"ఆ రోజే మీరు జొరవని ఫోన్ చేసేరు. ఒంట్లో బాలేని మనిషి మీద అర్జీ ఏంటిలే అనుకున్నాను. చింపలేదండి. ఉంది."

ఆ వారమే వీసా రద్దు చెయ్యమని ముదీర్‌ని అడిగాను. ఫోర్‌మన్ని చేశాక ఈ పనేమిటని ఆయన చిరాకుపడ్డాడు.

"ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదు సార్. ఉన్నారు."

ఏమనుకున్నాడో, "ఖలాస్, నీ ఇష్టం" అని సంతకం చేశాడు.

వస్తున్నానని చెప్తే ఆమె సంబరపడుతుందనుకున్నాను.

"మీరొచ్చేక కూడా నాకా హక్కుంటుందాండీ?"

"ఉంటుంది."

"అయితే రండి."

ఊరికొచ్చి ఎనిమిది నెలలయింది. ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటున్నాను. మొదట్లో, పక్కన మనిషుంటే నిద్రపట్టట్లేదని ఆమె చాప వేసుకుని కింద పడుకునేది. పైకి రమ్మని నేను బలవంతపెట్టలేదు. ఈమధ్య మంచం మీదికి వచ్చింది. పొద్దున్నే నేను పనికి బయల్దేరుతుంటే మాత్రం, ఎన్నింటికి వస్తారని ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. టైము చెప్పాకే గుమ్మం దాటతాను.