గేదెకు చెప్పిన చాడీలు

ఊళ్లో ఆయన్ని అందరూ ఊఁ మావయ్య అంటారు. పిల్లలు పలకరించినా ఊఁ, ధాన్యం వ్యాపారి గదమాయించినా ఊఁ, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగినప్పుడూ ఊఁ. ఆ ఒక్క ముక్కతో ముప్పయ్యేళ్ల కాపురం లాక్కొచ్చిన ఘనుడు. మిగతా మాటలన్నీ, ఆయన వాటాతో సహా, భార్యే మాట్లాడేది. పని దగ్గర మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. పలుపు పేనినా పాక కప్పినా ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.

అలాంటి మనిషికి కరువు వచ్చి నోరు తెరిపించింది. అదెలాగో చెబుతా వినండి.

రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. బావిలో బొక్కెన వేస్తే నీళ్లకు బదులు రాయి తగిలి ఖంగుమనేది. మొదటి ఏడు మేకలు పోయాయి, రెండో ఏడు బండి పోయింది. అమ్మకుండా మిగిలింది ఒక్క గేదె. ముద్దుపేరు నల్లపిల్ల. రెండు పూటలా అది ఇచ్చే పాలు బస్సులు ఆగే చోట టీ కొట్టుకు పోతాయి, దాంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కానీ గేదెకు మేత కావాలిగా! గడ్డి మోపు బంగారమైపోయింది.

మొగుడూ పెళ్లాలు కూర్చుని ఆలోచించారు. ఆలోచించింది ఆవిడ, ఊఁ కొట్టింది ఈయన. పట్నంలో ఆవిడ అక్క బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. వానలు పడేదాకా ఆవిడ కూడా అక్కడే గుండీలు కుట్టి, ఆ జీతం మేతకు పంపాలి. ఈయన ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టి, మేత మోసి, పాలు పితికి గేదెను కాపాడాలి. గేదె నిలబడితే వాన పడ్డాక సంసారమూ నిలబడుతుంది. ఏర్పాటు బాగానే ఉంది. గేదెను అడగడం ఒక్కటే మరిచారు.

భార్యను బస్సెక్కించి వచ్చిన సాయంత్రం ఆయన బకెట్టు పట్టుకుని పాకలోకి వెళ్లాడు. పొదుగు కడిగాడు, చన్నులకు నూనె రాశాడు, పితికాడు. చుక్క పడితే ఒట్టు! ఈనిన కొన్నాళ్లకే దూడ పోయిన గేదె అది. దూడ లేకపోతే చేపడం కష్టం, అంటే పాలు చన్నుల్లోకి దింపదు. ఆవిడే ఎలాగో మచ్చిక చేసుకుని, పక్కన కూర్చుని గుసగుసగా ఏదో చెబుతూ పితికేది. ఆ చెప్పేదేమిటో ఈయన ఎన్నడూ పట్టించుకున్న పాపాన పోలేదు.

మర్నాడు భార్య దుప్పటి కప్పుకుని వెళ్లాడు. గేదె వాసన చూసి మురిసింది, ఆపైన మొహం చూసి బకెట్టును ఒక్క తన్ను తన్నింది. పాకలో రేడియో పెట్టాడు. వార్తలన్నీ శ్రద్ధగా విని పేడ వేసింది.

ఇలాగే సాగితే గేదె వట్టిపోతుంది. చుక్క పాలివ్వని గేదెను కరువులో ఎవరు మేపుతారు? పశువుల బేరగాడు అప్పుడే వీధిలో అటూ ఇటూ తిరిగి, పాక వంక ఓరగా చూసి పోయాడు. ఊఁ మావయ్య అది చూశాడు. తనంత తానుగా భార్యకు ఫోను చేశాడు. అది ఆయన జన్మలో మొదటిసారి.

“చేపట్లేదు. ఏం చెప్తావు దానికి?”

“ఏవో మా ఆడవాళ్ల మాటలు లెండి. మీకెందుకు?”

“చెప్పు.”

“చెప్పను గాక చెప్పను. ఆదివారం సెలవేగా, వస్తా. అప్పటికీ చేపకపోతే బేరగాడికి అప్పజెప్పేద్దాం. అది డొక్కలెండి చస్తుంటే నేను చూడలేనండీ.”

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడైంది. ఈయనకు ఏదో అనాలనిపించింది. ఊఁ అన్నాడు.

పక్కింటి పిన్ని పిట్టగోడ మీద మోచేతులానించి అంతా వింటోంది. ఇరుగుపొరుగు మాటలు వినడంలో ఆవిడకున్న శ్రద్ధ అన్నం వండుకోవడంలో కూడా లేదు.

“ఒరేయ్ అబ్బాయ్, మీ ఆవిడ గేదెకి ఏం చెప్పేదో నీకు తెలీదూ? ఈ వీధందరికీ తెలుసు కదరా!”

“ఏంటి పిన్నీ?”

“నీ మీద చాడీలు!”

పిన్ని ఆయన్ని బకెట్టుతో గేదె దగ్గర కూర్చోబెట్టింది.

“అన్నీ నాకు కంఠతా వచ్చు. నేను అందిస్తా, నువ్వు పితుకుతూ అను. ‘అమ్మా తల్లీ, మీ అయ్య ఉన్నాడు చూశావా, ఆయనకన్నా ఈ గోడతో మాట్లాడ్డం నయం.’ అనవేంరా?”

అన్నాడు. ముందు గొణిగాడు, పిన్ని కసిరితే గట్టిగా అన్నాడు. నల్లపిల్ల చెవులు నిక్కించింది.

“‘కూరెలా ఉందంటే కంచంలోకి చూశాడే గానీ నా మొహం చూశాడా? నేను జ్వరమొచ్చి పడుంటే గుమ్మంలో నిలబడి చూసి చక్కాపోయాడు.’”

జ్వరం మాట మాత్రం పిన్ని అందించకుండానే ఆయన రెండోసారీ అన్నాడు. అదే క్షణాన సర్రుమని ధార బకెట్టులో పడింది. చెప్పొద్దూ, ఆయనకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఆ సాయంత్రం భార్య ఫోను చేసి, “చేపిందా?” అంది. ఊఁ అన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఆ ఊఁని నమ్ముతుందా? ఇల్లు తగలబడుతోందన్నా ఊఁ అనే రకం! తనను ఊరడించడానికే అన్నాడనుకుని, ఆదివారం రమ్మని బేరగాడికి తనే కబురు పెట్టింది.

ఇక్కడ పిన్ని దగ్గర సరుకైపోయింది. “ఇక సొంతంగా అల్లుకోరా, నాకు పనుంది” అని చేతులెత్తేసింది. ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు. తన తప్పులు తనే వెతుక్కోవడం మొదలుపెట్టాడు. వెతికితే కరువేముంది, బోలెడు దొరికాయి. “గుమ్మంలో నిలబడ్డ మాట నిజమే తల్లీ. లోపలికెళ్తే ఏం మాట్లాడాలో తెలీలేదు. భయమేసి పొలం గట్టు మీద కూర్చున్నా. పోయాననుకుందే గానీ, కూర్చున్నానని దానికేం తెలుసు?” పూట పూటకూ మాట సాగింది, పాలూ పెరిగాయి.

ఆదివారం పొద్దున్నే ఆవిడ బస్సు దిగింది. బేరగాడు పలుపు భుజాన వేసుకుని వెంట వచ్చాడు. పాక దగ్గరికి రాగానే లోపల మగగొంతు వినబడింది. ఎవరో చుట్టాలొచ్చారనుకుంది పాపం. తన ఇంట్లో మగవాడు అంత పొడుగు మాట మాట్లాడగా ఆవిడ ఎన్నడు విన్నది గనక! తడిక సందులోంచి చూసింది.

“ఆ రోజు బస్సు దగ్గర మూట ఎక్కించానా. కిటికీ పక్కనే నిలబడ్డా. జాగ్రత్త అందామనుకున్నా. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదే అందామనుకున్నా. నోటిదాకా వచ్చింది తల్లీ. ‘వెళ్లొస్తానండీ’ అంది. ఊఁ అన్నా. బస్సు మలుపు తిరిగాక అన్నీ చెప్పా. ఎవరికి? టీ కొట్టు బల్లకి!”

సర్ సర్‌మని పాలు పడుతున్నాయి, బకెట్టులో నురగ పొంగుతోంది.

“ఇంత శుభ్రంగా చేపుతుంటే నన్నెందుకు పిలిచావమ్మా?” అని సణుక్కుంటూ బేరగాడు వెళ్లిపోయాడు. ఆవిడకు అదేమీ వినబడలేదు. పాక గుంజ పట్టుకుని, పైట అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

ఆ చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగి చూసి ఠక్కున నోరు మూసేశాడు. నల్లపిల్ల కూడా ధార ఆపేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చి, గేదెకు అవతలి పక్కన చతికిలబడింది.

“ఆపారేం? అది కూడా ఆపేసింది చూడండి. చెప్పండి, ఇంకా ఏమందామనుకున్నారు?”

ఆయన పొదుగు వంకే చూస్తూ అన్నాడు.

“అక్కడ వేళకి తింటున్నావా అని.”

ధార మళ్లీ మొదలైంది. ముప్పయ్యేళ్లుగా ఇద్దరి మాటలూ తానే మాట్లాడిన ఆ ఇల్లాలికి ఆ పూట ఒక్క మాటా దొరకలేదు.

“ఊఁ,” అంది.