ఎడ్మండ్‌సన్ పార్క్‌కి నేను తెప్పించిన పోలియో

వైరస్ సాయం లేకుండా, ఒకే ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో ఒక పేట మొత్తానికి పోలియో తెప్పించిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. పేరు కిరణ్, ఊరు ఒంగోలు. ఆ ఘనకార్యం జరిగిన చోటు సిడ్నీ శివార్లలోని ఎడ్మండ్‌సన్ పార్క్. అక్కడ మా పిన్ని కూతురు సుజాతక్క ఇంట్లో ఉంటూ యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్లి చదువుకునేవాణ్ణి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకోవాలనిపిస్తుంది.

యూనిలో మార్గరెట్ అనే డాక్టరు దగ్గర నాకు చిన్న ఉద్యోగం దొరికింది. ఆవిడ పరిశోధనంతా పోలియో గురించే. కొత్తగా వచ్చే పోలియో కాదు, ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన పోలియో. చిన్నప్పుడు ఆ జబ్బు చేసి, కోలుకుని, ఉద్యోగాలు చేసి, పిల్లల్ని పెంచిన వాళ్లలో కొందరికి ముసలితనంలో కండరాలు మళ్లీ బలహీనపడతాయి. కారణం తెలియని నీరసం కమ్ముకుంటుంది. అలాంటివాళ్లకి ఏది మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో తేల్చడం ఆవిడ పని. వాళ్లని వెతికి తీసుకురావడం నా పని.

"మీ తెలుగువాళ్లలో కూడా ఉంటారు కదా కిరణ్! ఒక చిన్న ప్రకటన రాయి. పంపేముందు మాత్రం ఎవరికైనా చూపించు" అంది డాక్టరు.

చూపించడమా! ఎవరికి? తొమ్మిదో తరగతిలో వ్యాసరచన బహుమతిగా స్టీలు గిన్నె అందుకున్నవాణ్ణి. నా తెలుగు దిద్దగలవాడు ఈ ఖండంలో ఇంకా దిగలేదని నా నమ్మకం. రైలు ప్లాట్‌ఫాం మీద నిలబడి రాసేశాను. రాశాక ఒకసారి చదివితే 'చిన్నప్పుడు' అన్న మాట అనవసరంగా కనిపించింది. పోలియో చిన్నప్పుడే కదా వచ్చేది, మళ్లీ చెప్పడం దేనికని తీసేశాను. మిగిలింది ఇదీ:

'అర్జెంట్! మన ఎడ్మండ్‌సన్ పార్క్‌లో పోలియో వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే నాకు ఫోన్ చేయండి. పేర్లు రహస్యంగా ఉంచబడును.'

చదివారు కదా? మీకు ఒళ్లు జలదరించింది కదా? నాకు మాత్రం రవ్వంత కూడా జలదరించలేదు. పేటలోని తెలుగువాళ్లందరూ ఉన్న గ్రూపులోకి దాన్ని వదిలేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, లైబ్రరీలో హాయిగా కూర్చున్నాను.

బయటికొచ్చి చూస్తే నా ఫోను జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది. ఎత్తగానే వరంగల్ నుంచి వచ్చిన స్వప్నక్క.

"తమ్మీ, ఎవరికి వచ్చింది? ఏ స్ట్రీట్ల?"

"ఏ స్ట్రీట్‌లోనూ కాదక్కా, ఇది రీసెర్చ్."

"అయ్యో, రీసెర్చ్ చేసేదాంక పోయిందా! పేరన్న చెప్పు."

"పేర్లు చెప్పకూడదక్కా. రూల్స్ ఒప్పుకోవు."

"అంటే ఉన్నరన్నట్టు! మా పాపను చైల్డ్‌కేర్‌కు పంపాల్నా వద్దా, ముందు అది చెప్పు!"

నేను నోరు తెరిచేలోపు ఆవిడ పెట్టేసింది. వెంటనే సుబ్బారావు అంకుల్. గుంటూరులో బ్యాంకు మేనేజరుగా రిటైరై, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చాడు.

"ఏమోయ్ కిరణ్, చుక్కలు ఎక్కడేస్తున్నారు?"

"ఇక్కడ చుక్కలు వేయరంకుల్. సూది వేస్తారు."

"సూదా! అయితే బాగా ముదిరిందన్నమాట."

"ముదరడం కాదంకుల్! ఈ దేశంలో పోలియో టీకా సూదిమందే. మీ మనవడికి నెలల పిల్లాడప్పుడే వేసుంటారు."

"మరి వేసినవాళ్లకే మళ్లీ వస్తుంటే గవర్నమెంటు ఏం చేస్తున్నట్టు?"

గోడకి తల బాదుకుందామంటే లైబ్రరీ గోడలన్నీ అద్దాలే.

ఇంటికొచ్చేసరికి సుజాతక్క భర్త, మా బావ, కారు డిక్కీలోంచి టాయిలెట్ పేపర్ కట్టలు దించుతున్నాడు.

"బావా, పోలియోకి టాయిలెట్ పేపర్ ఎందుకు?"

"ఏమోరా. కరోనాప్పుడు అందరూ కొంటుంటే మనం వెనకబడిపోయాం. ఈసారి ఆ చాన్స్ ఇవ్వదలచుకోలేదు."

"అసలు పోలియో రాలేదు బావా! ఆ మెసేజ్ పెట్టింది నేనే!"

"నువ్వే కదరా పెట్టావు. అందుకే నమ్మాను. యూనిలో ఉన్నోడివి, నీకు ముందే తెలుస్తుంది కదా."

అక్క వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ముందు గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టు. కంగారుపడొద్దని చెప్పు."

అప్పుడైనా ఆవిడకి చూపించి పెట్టొచ్చుగా? లేదు. అవమానంతో చెవులు ఎర్రబడి, గబగబా రెండోది కొట్టాను: 'దయచేసి ఎవరూ భయపడవద్దు. పోలియో వచ్చినవాళ్లు ఎప్పటినుంచో మన మధ్యే తిరుగుతున్నారు. వాళ్లతో మామూలుగానే ఉండండి.'

అక్క అది చదివి కుర్చీలో కూలబడింది. "ఒరేయ్, నిన్ను చదివించింది ఎవర్రా?"

ఇంతవరకూ నవ్వుకోండి. శనివారం మధ్యాహ్నం జరిగింది మాత్రం నాకు నవ్వులాట కాదు. ఆ రోజు పార్కులో మనవాళ్ల బార్బీ, అంటే బార్బెక్యూ విందు. ఇక్కడివాళ్లు సాసేజ్‌లు కాల్చే పొయ్యి మీదే మనవాళ్లు మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు. నేను వెళ్లేసరికి జనమంతా ఒక చెట్టు కింద ఇరుకుగా నిలబడి ఉన్నారు. దూరంగా ఇంకో బల్ల దగ్గర రుక్మిణి ఆంటీ ఒక్కతే కూర్చుని ఉంది. కాలికి ఇనప పట్టీల కాలిపర్, పక్కన చేతికర్ర, ముందు పెద్ద గిన్నెడు పులిహోర. పైన పరిచిన కరివేపాకు కూడా చెదరలేదు.

ఆవిడ ఫిజీ దీవుల తెలుగావిడ. తాతముత్తాతలు అక్కడి చెరుకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లు. అక్కడ సైన్యం గద్దెనెక్కి గొడవలయ్యాక భర్తతో సిడ్నీ వచ్చి స్థిరపడింది. మేమంతా ఈ పేటకి రాకముందే ఉంది. ప్రతి బార్బీకీ పులిహోర తెచ్చేది, గిన్నె ఊడ్చి పంపేవాళ్లం. ఆవిడ కాలు ఎందుకలా ఉందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నా రెండో మెసేజ్ చూశాక మాత్రం అందరికీ ఒకేసారి తెలిసిపోయింది.

"ఇట్రా బాబూ" అంది. ఆవిడ తెలుగు వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. "నువ్వేదో రాస్తివంట. నాకు తెలుగు చదవను రాదు. చదివి చెప్పు."

"అది... ఆంటీ..."

"గట్టిగా చదువు. వాళ్లందరికీ వినపడాల."

చదివాను. ఎంత బాగా రాశానో ఆ రోజే నాకు తెలిసింది.

"నాకు పోలియో వచ్చినప్పుడు నాకింకా పలక కూడా కొనలేదు" అంది ఆవిడ. "మా నాయన భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచినాడు. తిరిగొచ్చినాక మా బావి నీళ్లు ఎవురూ తాగలేదు. పిల్లల్ని మా వాకిలి తొక్కనీలేదు. అప్పుడు జనానికి తెలవదు, ఒప్పుకుంటా. ఇప్పుడు మీరంతా చదువుకున్నోళ్లే కదా? నా పులిహోరకి ఏమైంది?"

అప్పుడు మాట్లాడాను. ఆ వారం మొత్తంలో నేను సరిగ్గా మాట్లాడింది అప్పుడొక్కసారే. ఆ జబ్బు ఆంటీకి వచ్చింది పసితనంలో అనీ, అంటించే రోజులు అప్పుడే అయిపోయాయనీ, ఆవిడ పక్కన కూర్చున్నా ఆవిడ చేతి వంట తిన్నా ఎవరికీ ఏమీ రాదనీ, నేను వెతుకుతున్నది పాత పోలియోనే తప్ప కొత్తది కాదనీ, 'చిన్నప్పుడు' అన్న మాట మింగేసిన గాడిదని నేనేననీ చెప్పాను.

"గాడిద అనకురా, అది బరువైనా మోస్తుంది" అని సుజాతక్క వచ్చి, ఆంటీ పక్కనే కూర్చుని, పళ్లెం నిండా పులిహోర పెట్టుకుంది. వెనకాలే స్వప్నక్క. "ఆంటీ, తప్పయింది. జెర ఎక్కువనే పెట్టు." తర్వాత సుబ్బారావు అంకుల్, మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక పళ్లెంలోనే పెట్టుకుని. కాసేపటికి నాకు వేరుశనగ పలుకు కూడా మిగల్లేదు.

నేను క్షమాపణ చెబుతుంటే ఆంటీ చెయ్యి ఊపి ఆపేసింది. "అది పోనీ. నీ డాక్టరమ్మ దేని కోసం వెతుకుతుండాది?"

చెప్పాను. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చే బలహీనత గురించి, మంచి కాలు కూడా అలిసిపోవడం గురించి, అలాంటప్పుడు ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేస్తే కొందరికి ఇంకా నష్టమని. ఆంటీ తినడం ఆపేసింది.

"రెండేళ్లుగా నా మంచి కాలు మాట వినడంలేదు. వయసు, అన్నారు. నా కొడుకేమో నడువమ్మా, నడువు, బద్ధకించొద్దు, అంటాడు. ఏడుస్తా నడిచేదాన్ని. అయితే నేను బద్ధకస్తురాల్ని కాదా?"

"కాదు ఆంటీ."

ఆవిడ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుని, వెంటనే నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఈ మాట ముందే రాయకూడదా, సన్నాసీ!"

తర్వాతి వారమే ఆంటీని బావ కారులో యూనికి తీసుకెళ్లాను. వాళ్లబ్బాయి కూడా వచ్చి, దారిపొడుగునా తల్లి చెయ్యి వదల్లేదు. డాక్టరు మార్గరెట్ మర్యాదగా కూర్చోబెట్టి మొదటి ప్రశ్న అడిగింది: "మా పరిశోధన గురించి మీకు ఎలా తెలిసింది?"

ఆంటీ నావైపు ఒకసారి చూసి, చక్కటి ఇంగ్లీషులో, ముఖంలో నవ్వన్నదే లేకుండా చెప్పింది: "ముందు నేను అందరికీ రోగం అంటిస్తానని ఈ అబ్బాయి ఊరంతా చాటాడు. తర్వాత వాలంటీరుగా రమ్మని బతిమాలాడు."

డాక్టరు కళ్లద్దాలు తీసి, నన్ను చాలాసేపు చూసి, మళ్లీ పెట్టుకుని, జనంలోకి వెళ్లి చేసే ప్రచారానికి వాళ్లు వాడే మాట వెతుక్కుంది. "'కమ్యూనిటీ ఔట్‌రీచ్' అని రాసుకుంటాను" అంది.

అందుచేత పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచేతిని ఫోనుకి అందనంత దూరంగా చాపి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గ్రూపులోనూ పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మరేమీ పెట్టను. అవి కూడా ఒక కేకు బొమ్మ వేసి ఊరుకుంటాను, మాటల జోలికి పోను.