బియ్యం లూకా

నేరేడ్‌మెట్ చర్చిలో లూకాలు ఇద్దరు. ఒకాయన రైల్వేలో గార్డు కాబట్టి గార్డు లూకా. రెండో అతను బియ్యం లూకా. బియ్యం అమ్మేవాడేం కాదు. మౌలాలిలో వాల్వులు చేసే కంపెనీలో ఇరవై రెండేళ్లు లేత్ మిషన్ ముందు నిలబడ్డ టర్నర్. చర్చి ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. అది దేవుని పిడికెడు. నెలకోసారి ఆ డబ్బాలన్నీ చర్చికొస్తాయి, అక్కణ్ణుంచి లేనివాళ్ల ఇళ్లకు పోతాయి. ఆ బియ్యం పోయించుకోవడం, పంచడం లూకా పని. అందుకే ఆ పేరు.

అతని పంపకానికి ఒక పద్ధతి ఉండేది. పిడికెళ్లన్నీ ఒకే గోతంలో కుమ్మరిస్తే సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కంట్రోలు బియ్యం కలిసిపోతాయి. అది వండితే సగం ముద్ద, సగం పలుకు. టిఫిన్ మూత తీయగానే పక్కవాడికి తెలిసిపోతుంది, ఇది అడిగి తెచ్చుకున్న కూడని. నూలుపోగంత తేడా వస్తే ముక్కను అవతల పారేసే చేతులు లూకావి. సహించలేక మూడు డ్రమ్ములు పెట్టించాడు. డబ్బా తెచ్చినామె ఎంత పెద్దింటిదైనా సరే, "ఏ బియ్యమమ్మా?" అని అడిగి, గింజ కొరికి చూసి గానీ పోయనిచ్చేవాడు కాదు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న లేదు. వారంలో ఏ రోజైనా చర్చి వెనక గది కిటికీ దగ్గర సంచి చాపితే నిండేది. పేరు రాసుకోడు, మొహం చూడడు.

మూడేళ్ల కింద కంపెనీకి తాళం పడింది. చైనా వాల్వు ఓడెక్కొచ్చి రాణిగంజ్ దుకాణంలో దిగినా మౌలాలి వాల్వు కంటే చవకేనట. అప్పట్నుంచి లూకాకి కాలు ఒకచోట నిలవదు. పొద్దున్నే స్నానం చేసి, డ్యూటీకి పోతున్నట్టే ఇల్లు వదుల్తాడు. మౌలాలి నడిచిపోయి గేటు తాళం చూస్తాడు. సికింద్రాబాద్ స్టేషన్‌కొచ్చి ఎంఎంటీఎస్ ఎక్కి, మెళ్లో కార్డులు వేలాడేసుకున్న పిల్లల మధ్య హైటెక్ సిటీ దాకా పోతాడు. అద్దాల మేడల గేట్ల దగ్గర సెక్యూరిటీ పని అడుగుతాడు.

"నలభై దాటినట్టుంది కదా చాచా" అంటారు.

యాభై ఒకటని చెప్పకుండా మళ్లీ రైలెక్కుతాడు.

ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే. బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నా భార్య రోసమ్మ దేవుని పిడికెడు మానలేదు. ఆమెది రాజమండ్రి వైపు. "మన పిడికెడు మనింటికే తిరిగొస్తే అదేం కానుకండీ?" అనేది. లూకా కూడా నిండు డ్రమ్ముల పక్కన నిలబడీ, ఇంటికి ఒక్క గింజ తేలేదు. నెలన్నరపాటు ఇద్దరూ గంజి తాగారు.

ఆ గంజి రోజుల్లోనే చర్చి కమిటీలోకి రిచర్డ్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. చెడ్డవాడు కాదు. వచ్చిన వారంలోనే లూకాని పిలిచాడు.

"లూకన్నా, పిడికెళ్లతో ఎంతమందికి పెడతాం? పన్నెండిళ్లు. ఫారిన్ నుంచి ఒక టీమ్ వస్తోంది. వాళ్లకు నచ్చితే నూరిళ్లకు ఇస్తారు. పన్నెండు మంచిదా, నూరు మంచిదా?"

"నూరే మంచిది సార్. మరి డ్రమ్ములు?"

"డ్రమ్ములెందుకింక? అన్నీ ఒకటే రకం బస్తాలు కొనేశాను. ఆదివారం స్టేజీ మీద పేరు పిలిచి ఇస్తాం. మనిషికో ఫోటో. ఫోటో లేకపోతే వాళ్లు నమ్మరు."

"ఇరవై ఏండ్లల్ల నేనెవ్వరి పేరు పిల్వలే సార్."

"అందుకే ఇరవై ఏళ్లయినా పన్నెండు దగ్గరే ఉన్నాం."

డ్రమ్ములు తీసేయడానికి లూకా ఒప్పుకున్నాడు. పేర్లు మాత్రం చెప్పనన్నాడు. పాస్టరు అయ్యగారే బస్తీలో తిరిగి రాసుకొచ్చారు.

శనివారం రోసమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "ఆ పన్నెండు పేర్లలో మనదొకటండీ. పాస్టరమ్మగారికి నేనే చెప్పాను. ఇవి మన పిడికెళ్లు కావుగా, కొన్న బస్తాలు."

"నన్నడగకుండనా?"

"అడిగితే రైలెక్కి పోతారుగా."

"పిలిస్తే నేను లేవ."

"మీరు లేవకపోతే నేను లేస్తాను. పొయ్యి ముందు కూర్చునేది నేను."

లూకా చెప్పులేసుకుని బయటపడ్డాడు. అతనికి ఇంకో పరేషాన్ కూడా ఉంది. కంపెనీలో తనతో పనిచేసిన వెల్డర్ భద్రయ్య. అదే బస్తీలో ఉంటాడు, చర్చి మొహం చూసినవాడు కాదు. "ఈ ఆదివారం రా భాయ్, ఎన్క కిటికీ కాడ తీస్కపో, ఎవ్వనికి తెల్వది" అని ఈ స్టేజీ సంగతి తెలియకముందు, పోయిన వారం లూకానే చెప్పాడు. ఇప్పుడు కిటికీ లేదు, స్టేజీ ఉందని చెబుదామని సాయంత్రం దాకా వెతికాడు. భద్రయ్య దొరకలేదు.

ఆదివారం అయ్యగారు ప్రపంచీకరణ మీద ప్రసంగించారు. లోకమంతా ఒక ఊరైపోయిందట, ఆ ఊళ్లో ఆకలి ఎవరి గుమ్మం ముందు పడుకుందో సంఘం చూడాలట. మంచి మాటే. కంపెనీ తాళానికి తుప్పు పట్టాక చర్చి దాకా వచ్చిన మాట. ముందు వరుసలో ఫారిన్ వాళ్లు ముగ్గురు పాటల కాగితంతో విసురుకుంటున్నారు. స్టేజీ మీద పన్నెండు బస్తాలు, వాటి మీద చర్చి పేరు. ఆఖరి బెంచీలో భద్రయ్య. చెప్పులు బయట విడవాలో లేదో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

రిచర్డ్ మైకందుకున్నాడు. "పేరు పిలిచినవాళ్లు ముందుకు రావాలి. మొట్టమొదట, ఇరవై ఏళ్లు మన సంఘంలో సేవచేసిన బ్రదర్ లూకా!"

అది అయ్యగారు చేసిన మర్యాద. ఆకలికి కూడా సీనియారిటీ ఇచ్చారు.

లూకా కదల్లేదు. ఆడవాళ్ల వైపు రోసమ్మ కొంగు సర్దుకుని ముందు బెంచీ పట్టుకుంది, లేవడానికి. లూకా అటు చూడలేక వెనక్కి తిరిగాడు. భద్రయ్యకి అప్పటికే అర్థమైంది. చెప్పులు చేతబట్టుకుని సగం లేచి తలుపు వైపు చూస్తున్నాడు. వరుసలో తర్వాత తన పేరే రావచ్చు. ఎవ్వనికి తెల్వదని చెప్పి పిలిచిన లూకా ఇక్కడే కూర్చుని ఉన్నాడు.

లూకా లేచాడు. స్టేజీ ఎక్కి బస్తా పట్టుకున్నాడు. ఫోటోవాడి లైటు మెరిసింది.

రిచర్డ్ కాగితం చూశాడు. "రెండు, భద్ర..."

లూకా చెయ్యి పోయి మైకు మీద పడింది. "సార్, ఆ బస్తా సుత నాకే ఇయ్యిండ్రి. అన్నీ నేనే ఇండ్లల్ల ఇచ్చొస్త. పేర్లు పిల్వకుండ్రి."

మైకు సరిగ్గా మూతపడలేదు. చర్చంతా విన్నది.

రిచర్డ్ గొంతు తగ్గించాడు. "ఫోటోలు కావాలన్నా. పన్నెండు ఉండాలి."

"నన్నే తియ్యమనుండ్రి. పన్నెండు సార్లు తియ్యమనుండ్రి."

రిచర్డ్ అయ్యగారిని చూశాడు. అయ్యగారు పల్పిట్ బల్ల మీది గుడ్డ సర్దుకుంటున్నారు. ఫారిన్ వాళ్లు భాష తెలియక నవ్వుతూ కూర్చున్నారు. వాళ్ల ముందు గొడవ పడలేరు. లూకా రెండో బస్తా ఎత్తాడు, ఫోటోవాడు మళ్లీ నొక్కాడు.

మూడో బస్తాకి యూత్ బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. "లూకన్నా, జెర నవ్వు!" అని ఎవడో అరిచాడు. నాలుగు, ఐదు. బస్తా ఒక్కొక్కటి పాతిక కిలోలు. నెలన్నర గంజి మీద బతికిన చేతులు. ఏడో బస్తాకి చొక్కా వీపుకి అంటుకుంది. నవ్వులు పలచబడ్డాయి. తొమ్మిదోదానికి యూత్ పిల్లలు బెంచీల్లో సర్దుకుని కూర్చున్నారు. పదోది నడుము దాకా వచ్చి జారబోయింది. రోసమ్మ స్టేజీ ఎక్కి రెండో కొస పట్టుకుంది. "అటు వదలకండి" అంది. ఆఖరి మూడు ఫోటోల్లో ఇద్దరున్నారు.

ముందు వరుసలో తెల్లామె లేచి ఇంగ్లీషులో రిచర్డ్‌ని అడిగింది, బస్తాలన్నీ ఈ ఒక్కడికేనా అని. రిచర్డ్ చెవులు ఎర్రబడ్డాయి.

బయట ట్రాలీ ఆటో మాట్లాడారు. భద్రయ్య పోలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"గింత తమాషా ఎందుకురా? లేచి ఎల్లిపోతుంటి కదా."

"పోతే రాత్రికి ఏం తింటవ్? పట్టు, ఆ కొస పట్టు."

భద్రయ్య తిట్టుకుంటూనే బస్తాలెక్కించాడు. ఆటో కదిలే ముందు రిచర్డ్ వచ్చాడు. కోపం కంటే అలసటే ఎక్కువుంది మొహంలో.

"ఈ ఫోటోలతో రిపోర్టు ఎట్లా పంపాలి లూకన్నా? నూరిళ్లు పోతాయేమో. అది ఆలోచించావా?"

లూకా నిజంగానే ఆలోచించాడు. ఆ మనిషి అన్నది అబద్ధం కాదు.

"ఇయ్యమనుండ్రి సార్. నూరు బస్తాలిస్తే నూరు సార్లు నిలబడ్త. గంతకన్న నాకు పనేముంది?"