సొంత మాటల ప్రార్థన

మా నాన్న కట్టుడు పళ్ళు చేస్తాడు. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన బల్ల ఉంటుంది. కరిగే మైనం వాసన, అన్నిటి మీదా ప్లాస్టర్ దుమ్ము, గూట్లో వరసగా జనం నోళ్ళ అచ్చులు. ఏ అచ్చు ఎవరిదో ఆయనకి తెలుసు, పక్కన కూర్చుని సానపట్టే నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. ఆ నమ్మకం మీదే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఆయన మనుషులతో తక్కువ మాట్లాడతాడు, దేవుడితో ఇంకా తక్కువ. మా చర్చి వాళ్ళం ప్రతి వారం ఎవరో ఒకరింట్లో చేరి, గుండ్రంగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తాం. తన వంతు రాగానే నాన్న చిన్నప్పుడు నాయనమ్మ నేర్పిన ప్రార్థన అప్పజెప్పేవాడు. ఎన్నేళ్ళయినా ఒక్క మాట మారలేదు. అందులో ఊరికి శాంతి కోరుతూ 'పొలిమేరలన్నిటా సమాధానం' అని వచ్చేసరికి ఇక అయిపోవచ్చిందని అందరికీ తెలుసు. మా ఇంట్లో ప్రార్థన జరిగితే అమ్మ ఆ మాట దగ్గర లేచి టీ నీళ్ళు పడేసేది.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు. "వచ్చే వారం ఎవరూ అలవాటైన ప్రార్థన చెయ్యకండి. కొత్తగా ప్రయత్నించండి. మీ పని గురించి, మీ దిగులు గురించి సొంత మాటల్లో చెప్పండి. మీ నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడండి" అన్నాడు.

"మా నాన్నతో నేనెప్పుడు మాట్లాడానురా" అన్నాడు నాన్న, ఇంటికొచ్చాక.

ఆ వారమంతా ఆయన చేతిలో ఆకురాయి ఆగి ఆగి నడిచింది. పెదవులు కదిపేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఇన్నేళ్ళూ దేవుడికి మా అమ్మ మాటలే వినిపించాను. నా గొంతు ఆయన ఎప్పుడైనా విన్నాడంటావా?" అన్నాడు. వింటే మాత్రం ఏం చేస్తాడులే అనుకున్నాను.

ప్రార్థన రోజు వచ్చింది. సంఘపెద్ద ఇల్లు. నాన్న వంతు వచ్చింది. గొంతు సవరించుకుని మెల్లగా మొదలుపెట్టాడు. తన చేతులు ఇంకా వణకనందుకు కృతజ్ఞతలు చెప్పాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురుకి కృతజ్ఞతలు చెప్పాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ జీవితంలో మొదటిసారి తాళం తెరుచుకున్న మనిషి, తలుపు ఎక్కడ మూయాలో ఆయనకేం తెలుసు.

"తండ్రీ, నా మనసులో ఒక దిగులుంది. మన పాటల టీచరమ్మకి నేను చేసిన పై పళ్ళ సెట్టు సరిగ్గా కుదరలేదు. పై స్థాయికి వెళ్ళి నోరు పెద్దగా తెరిస్తే జారుతోంది, చర్చిలో చూశాను. తప్పు నాదే. ఆదివారం ఆవిడ పాడేటప్పుడు నీ చేత్తో పట్టుకో ప్రభువా."

టీచరమ్మ ఆయనకి ఎదురుగానే కూర్చుంది.

మా బావ ముక్కులోంచి నవ్వు బయటికి తన్నుకొచ్చింది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. కళ్ళు మూసుకుని, తలలు వంచుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వారు. చర్చిలో అందరికంటే ముందు పాటెత్తుకునే ఆవిడ నోట్లో ఉన్నవి మా బల్ల మీద పుట్టిన పళ్ళని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నాన్న అప్పుడు కళ్ళు తెరిచాడు.

"దేవుడికి చెప్పమంటే లోకానికి చెప్పొచ్చారు" అంది అమ్మ ఇంటికొచ్చాక. ఆయన అన్నం దగ్గర కూర్చోలేదు.

ఆదివారం టీచరమ్మ చివరి బెంచీలో కూర్చుంది. పెదవులు విప్పలేదు. పాట సంఘపెద్ద ఎత్తుకున్నాడు. రెండో చరణానికి అందరి గొంతులూ తలో దారి పట్టాయి. ఎవరో వెనక్కి తిరిగి ఆవిడ నోటివంక చూశారు. నాన్న తల మోకాళ్ళ మీదికి వంగిపోయింది.

ఇంటికి రాగానే గూటి ముందు నిలబడ్డాను. "నవ్విన వాళ్ళలో సగం మంది నోళ్ళు ఇక్కడే ఉన్నాయి. సంఘపెద్దవి రెండు వరసలూ మనవే. వచ్చే వారం నా వంతులో పేరు పేరునా ప్రార్థన చేస్తాను చూడు."

"అదే కదరా నేను చేసింది" అన్నాడు నాన్న.

పాస్టరుగారు వచ్చి, "దేవుడు క్షమించేశాడు అంకుల్, మీరు బాధపడకండి" అన్నాడు.

"ఆయన క్షమిస్తాడు బాబూ. బయటపడ్డది ఆయన నోరు కాదు కదా."

మర్నాడు టీచరమ్మ అచ్చు కిందికి దించి, కొత్త పై సెట్టు మొదలుపెట్టాడు. అయ్యాక నన్ను పనిముట్ల సంచీ పట్టుకోమని ఆవిడింటికి బయలుదేరాడు. దారంతా నాయనమ్మ నేర్పిన ప్రార్థన కాదు, సొంతది కాదు, ఏదీ ఆయన పెదవుల మీద లేదు.

ఆవిడ తలుపు సగమే తీసింది. ఎప్పుడూ నాన్నని "తమ్ముడూ" అనేది.

"ఏం కావాలండీ?" అంది.

"కొత్తది చేశానక్కా. ఒకసారి పెట్టి చూస్తే..."

"నా పళ్ళ గురించి దేవుణ్ణి అడిగారు. నన్ను అడిగారా? జారుతోందా అక్కా అని ఒక్కసారి మా గుమ్మంలోకొచ్చి అడగడానికి ఏమైంది మీకు?"

నాన్న గుమ్మం కింద నిలబడి చెప్పులవైపు చూస్తున్నాడు. "మొహం చెల్లలేదక్కా. పని చెడగొట్టానని మీతో చెప్పుకోవడానికి సిగ్గేసింది. దేవుడితో అయితే తేలిక అనుకున్నాను."

ఆవిడ తలుపు పూర్తిగా తీసింది.

వంటింటి కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని కొత్త సెట్టు పెట్టుకుంది. "ఎడమవైపు గుచ్చుకుంటోంది" అంది. నాన్న ఆకురాయితో రెండుసార్లు గీసి ఇచ్చాడు. మళ్ళీ గుచ్చుకుంది, మళ్ళీ గీశాడు. ఆవిడ గోడవైపు తిరిగి ఒక పాట చరణం ఎత్తుకుంది. పై స్థాయి దగ్గర ఆగింది. గాలి పీల్చుకుని పైకి వెళ్ళింది. పళ్ళు కదల్లేదు.

మేం సంచీ సర్దుకుంటుంటే, "ఈ సంగతి మాత్రం దేవుడికి కూడా చెప్పకు తమ్ముడూ" అంది.

ఆ వారం ప్రార్థనలో నాన్న వంతు వచ్చింది. అందరూ చెవులు రిక్కించారు. ఆయన తల వంచి, ఒక్క మాటా పైకి అనకుండా కూర్చున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నాయనమ్మ ప్రార్థన కదలిక నాకు బాగా తెలుసు, ఇది అది కాదు. ఆఖరికి "ఆమేన్" అన్నాడు.

ఆదివారం టీచరమ్మ చివరి బెంచీలోనే కూర్చుంది. కానీ పాట అక్కణ్ణుంచే లేచింది. పై స్థాయి రాబోయే ముందు నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పాట పూర్తయ్యేదాకా వదల్లేదు, తల కూడా ఎత్తలేదు.